మొదటి ప్రోగ్రామింగ్ భాష ఏది? తప్పు చేసినప్పుడు ఏం చెబుతుందో చూసి తేల్చుకోండి

ఇంటర్ అయిపోయిన పిల్లలు, బీకామ్ చదివి దారి మార్చాలనుకునేవాళ్లు, ముప్పై దాటాక కోడింగ్ వైపు చూస్తున్నవాళ్లు, అందరూ అడిగేది ఒకటే: ముందు ఏ భాష మొదలుపెట్టాలి? జవాబు చెప్పేవాళ్లు మామూలుగా మూడు కొలతలు తీస్తారు. దేనికి ఉద్యోగాలు ఎక్కువ, ఏది వేగంగా నడుస్తుంది, ఏది ఇప్పుడు బాగా నడుస్తున్న ట్రెండ్. ఈ మూడూ ఏడాది తర్వాత అక్కరకొస్తాయి. మొదటి మూడు నెలల్లో కాలమంతా కరిగిపోయేది ఇంకోచోట. రాసిన పది లైన్లు ఎందుకు నడవట్లేదో తెలియక స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటాం చూడండి, అక్కడ.

పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేనప్పుడు ఆ పని భాషే చెయ్యాలి. అందుకే నేను చూసే కొలత ఇది: మీరు తప్పు రాస్తే ఏ లైన్లో ఏం తప్పో ఆ భాష చెబుతుందా, లేక నోరు మూసుకుని తప్పుడు లెక్క మీ చేతిలో పెడుతుందా?

ఈ కొలతతో చూస్తే, ప్రత్యేక కారణమేదీ లేని కొత్తవాళ్లకు నా జవాబు పైథాన్. రాయడానికి థానీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చాలు. ప్రత్యేక కారణం ఉన్నవాళ్ల సంగతి కింద విడిగా చెబుతాను. ఒక్క మాట: కోడ్‌లో మాటల్ని ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఒకే కరెంటు బిల్లు, నాలుగు భాషలు

భాషల తేడా మాటల్లో చెబితే ఎక్కదు. ఒక చిన్న లెక్క తీసుకుందాం. ఒక ఇంట్లో రెండు మీటర్లున్నాయి. ఒకటి 120 యూనిట్లు, ఇంకోటి 80. రెండూ కలిపి బిల్లు వెయ్యాలి. మొదటి 50 యూనిట్లకు యూనిట్‌కు 2 రూపాయలు, ఆ పైన 3 రూపాయలు, స్థిర చార్జీ 30 (రేట్లు లెక్క కోసం అనుకున్నవే, డిస్కంవి కావు). చేత్తో వేస్తే 200 యూనిట్లకు 100, 450, 30 కలిపి 580 రూపాయలు.

కీబోర్డు మీద కొట్టిన 120ని పైథాన్ అంకెగా తీసుకోదు, అక్షరాల వరుసగానే తీసుకుంటుంది. ఇన్‌పుట్ అనే ఆదేశం ఎప్పుడూ అక్షరాలే ఇస్తుంది. కొత్తవాళ్లందరూ ఇక్కడే తడబడతారు. 120నీ 80నీ కలిపితే 200 రాదు, పక్కపక్కన అతుక్కుని 12080 అవుతుంది. తర్వాతి లైన్లో "యూనిట్లు 50 కంటే ఎక్కువా?" అని అడగ్గానే పైథాన్ ఆగిపోతుంది. లైన్ నంబరు చూపించి, టైప్‌ఎర్రర్ అని పేరు పెట్టి, అక్షరాల వరుసను అంకెతో పోల్చడం కుదరదని చెబుతుంది. ఇన్‌పుట్ చుట్టూ అంకెగా మార్చే ఇంట్ అని రాసి బ్రాకెట్ పెడితే సరిపోతుంది. తప్పు జరిగిన లైనుకూ, పైథాన్ ఆగిన లైనుకూ మధ్య దూరం ఒక్క లైను.

ఇదే తప్పు జావాస్క్రిప్ట్‌లో చేయండి. బ్రౌజర్లో ప్రాంప్ట్ ఆదేశం కూడా అక్షరాలే ఇస్తుంది, ఇక్కడా 12080 అవుతుంది. కానీ 50తో పోల్చేటప్పుడు జావాస్క్రిప్ట్ దాన్ని తనంతట తనే అంకెగా మార్చేసుకుంటుంది. తీసివేతకూ అంతే. 12080లోంచి 50 పోతే 12030, మూడుతో గుణిస్తే 36090, దానికి 100, 30 కలిపి బిల్లు 36,220 రూపాయలు. ఎర్ర గీత లేదు, హెచ్చరిక లేదు. ఇంత పెద్ద మొత్తమైతే అనుమానం వస్తుంది. అదే మార్కుల సగటులోనో, వడ్డీ లెక్కలోనో జరిగితే కంటికి ఆనదు కూడా.

సి భాషలో తీసుకునేటప్పుడే "ఇది పూర్ణాంకం" అని చెబుతాం కాబట్టి ఈ అతుకుడు గొడవ ఉండదు. దాని గొడవలు దానికున్నాయి. విలువ తీసుకునే ఆదేశం స్కాన్‌ఎఫ్ రాసేటప్పుడు వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ముందు ఆంపర్సాండ్ గుర్తు (&) మర్చిపోయినా కంపైల్ (మెషీన్ భాషలోకి మార్చడం) అయిపోతుంది. నడిపితే చాలాసార్లు "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని చచ్చిపోతుంది, ఏ లైన్లోనో చెప్పదు. మొత్తాన్ని దాచే వేరియబుల్‌కు మొదట సున్నా పెట్టకుండా కలపడం మొదలుపెడితే మెమరీలో అంతకుముందు ఏ చెత్త ఉందో దాని మీద కలుపుతుంది. ఒక మెషీన్ మీద 580 వస్తుంది, పక్కవాళ్ల మెషీన్ మీద ఇంకేదో. అంకె అడిగినచోట ఎవరైనా అక్షరం కొడితే స్కాన్‌ఎఫ్ ఏమీ అనకుండా వెనక్కి వచ్చేస్తుంది, వేరియబుల్లో పాత విలువే ఉంటుంది.

జావా నిజానికి బాగానే పట్టుకుంటుంది. అక్షరాల్ని అంకెతో పోల్చబోతే ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్ ఆపేస్తుంది, లైన్ కూడా చెబుతుంది. ఇబ్బందల్లా ఒక్క లైను ప్రింట్ చెయ్యడానికి ముందు పబ్లిక్, క్లాస్, స్టాటిక్, వాయిడ్, మెయిన్ అని ఐదు అర్థంకాని మాటలు నమ్మకం మీద రాయాలి. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో ఈ తంతు తగ్గించారు. కాలేజీ ల్యాబుల్లో మాత్రం ఇంకా పాత పద్ధతే నడుస్తుంది. ఫైలు పేరు, క్లాసు పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలన్న నియమం దగ్గర మొదటి రోజు సగం మంది ఆగిపోతారు.

పైథాన్ దేవుడేం కాదు

ఎక్కడ నోరు విప్పదో ముందే తెలిసుంటే మంచిది. "జవాబు యెస్ లేదా వై అయితే" అని అనుకుని, ఇఫ్ (అయితే) తర్వాత జవాబును యెస్‌తో పోల్చి, పక్కన ఆర్ రాసి ఉత్త వై పెడతారు. అది ఎప్పుడూ నిజమే అవుతుంది, ఎందుకంటే ఖాళీగా లేని అక్షరాల వరుసను పైథాన్ నిజమనే లెక్కేస్తుంది. రెండోవైపు కూడా పోలిక పూర్తిగా రాయాలి. రెండోది లిస్టుల (విలువల వరుసల) సంగతి. "ఏ" అనే లిస్టును "బి"కి సమానం అని రాస్తే కొత్త కాపీ రాదు. ఒకే లిస్టుకు రెండు పేర్లు పెట్టినట్టవుతుంది, బిలో చేర్చింది ఏలోనూ కనిపిస్తుంది. కాపీ కావాలంటే కాపీ అని అడగాలి.

మూడోది, అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, లైను ముందు వదిలే ఖాళీ. పైథాన్‌లో ఏ లైను ఏ ఇఫ్ కిందకి వస్తుందో, ఏ లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది) కిందకి వస్తుందో ఆ ఖాళీయే చెబుతుంది. నాలుగు స్పేసులు ఆనవాయితీ. ఖాళీ మొత్తానికే మర్చిపోతే ఇండెంటేషన్‌ఎర్రర్ అని అరుస్తుంది. కానీ మొత్తాన్ని ప్రింట్ చేసే లైను పొరపాటున లూప్ లోపలికి జరిగిందనుకోండి, తప్పేమీ పట్టుకోదు. మొత్తం ఒక్కసారి రావాల్సింది పదిసార్లు ప్రింట్ అవుతుంది. జవాబు ఎక్కువసార్లు వచ్చినా, లూప్ ఒక్కసారికే ఆగినా ముందు చూడాల్సింది ఆ ఎడమ అంచునే.

ఇంకోటి: 1 నుంచి 10 దాకా ఎక్కం కావాలని, వరుస అంకెలిచ్చే రేంజ్‌లో 1, 10 అని రాస్తే తొమ్మిదితో ఆగిపోతుంది. చివరి అంకె లెక్కలోకి రాదు. 11 రాయాలి.

థానీ ఎందుకు, ఎలా

భాష ఎంచుకోవడం కంటే దాన్ని ఎక్కడ రాస్తున్నామన్నదే మొదటి వారంలో ఎక్కువ మందిని వెనక్కి పంపేస్తుంది. యూట్యూబు వీడియో చూసి వీఎస్ కోడ్ దింపుకుంటారు. అది రాసుకునే పలక మాత్రమే, అందులో ఏ భాషా ఉండదు. పైథాన్ విడిగా దింపాలి. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెరలో అట్టడుగున, విండోస్ ప్రోగ్రాముల్ని వెతికే జాబితా అయిన పాత్‌కు చేర్చమనే టిక్ పెట్టె ఒకటుంటుంది, దాన్ని చూడకుండా దాటిపోతారు. తర్వాత కమాండ్ విండోలో పైథాన్ అని కొడితే ప్రోగ్రామ్ బదులు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. రెండు గంటలు అక్కడే పోతాయి.

థానీ ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైంది. ఉచితం. దానితోపాటే పైథాన్ వచ్చేస్తుంది కాబట్టి పాత్ గొడవ లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది. దించుకుని, మామూలుగా ఇన్‌స్టాల్ చేసి, పై భాగంలో రాసి, ఫైలు సేవ్ చేసి ఎఫ్5 నొక్కండి. ఫలితం కింది భాగంలో కనిపిస్తుంది. వ్యూ మెనూలో వేరియబుల్స్ అన్నదానికి టిక్ పెడితే కుడివైపు ఒక పట్టిక వస్తుంది, ఏ పేరులో ఏ విలువ ఉందో అందులో కనిపిస్తుంది. ఇందాకటి 120 చుట్టూ కొటేషన్ గుర్తులు ఉన్నాయంటే అది అక్షరమని, లేవంటే అంకె అని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అసలు విలువైనది కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే వచ్చేది. ప్రోగ్రామ్ ఒక్కో అడుగు ఆగి ఆగి నడుస్తుంది. ఎఫ్6 కొడితే ఒక లైను దాటుతుంది, ఎఫ్7 కొడితే ఆ లైను లోపలికి వెళ్లి ముందు ఏ ముక్క లెక్కవుతుందో చూపిస్తుంది. లూప్ అర్థం కానివాళ్లు పదిసార్లు పుస్తకం చదివే బదులు ఐదు తిప్పులు ఇలా నడిపి చూస్తే చాలు. మెషీన్లో ఏమీ ఇన్‌స్టాల్ చేసే వీల్లేకపోతే పైథాన్ ట్యూటర్ అనే వెబ్‌సైటు బ్రౌజర్‌లోనే ఇలాంటి బొమ్మ చూపిస్తుంది. సి, జావా, జావాస్క్రిప్ట్‌లకు కూడా పనిచేస్తుంది.

బ్రౌజర్లోనే పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్ మంచిదే కానీ మొదటి నెలలో వద్దంటాను. అందులో కోడ్ గడులుగా ఉంటుంది, ఏ గడినైనా ఏ వరుసలోనైనా నడపొచ్చు. మూడో గడి ముందు, మొదటి గడి తర్వాత నడిపితే పాత విలువలతో లెక్క వస్తుంది. కాసేపు వదిలేస్తే కనెక్షన్ తెగి వేరియబుల్స్ అన్నీ పోతాయి. కొత్తవాళ్లు తమ కోడే తప్పనుకుంటారు.

ఫైలు పేరు విషయంలో ఒక జాగ్రత్త. అంకెల్ని చీట్లు తీసినట్టు ఎంచే ర్యాండమ్ అనే లైబ్రరీ (పైథాన్‌తో వచ్చే రెడీమేడ్ కోడ్) గురించి నేర్చుకుంటూ ఫైలుకు కూడా ర్యాండమ్ అని పేరు పెడతారు. టర్టిల్ బొమ్మలు గీస్తూ టర్టిల్ అని పెడతారు. అప్పుడు ఇంపోర్ట్ (లైబ్రరీని తెచ్చుకో) అనగానే పైథాన్ తన లైబ్రరీని వదిలేసి మీ ఫైలునే తెచ్చుకుంటుంది, ఆ ఫంక్షన్ (పేరు పెట్టి దాచిన కోడ్ ముక్క) లేదని ఎర్రర్ ఇస్తుంది. ఫైలు పేరు మార్చండి, పోతుంది.

ఎర్రర్ చదివే పద్ధతి

పైథాన్ ఎర్రర్ నాలుగైదు లైన్లుంటుంది. కింద నుంచి చదవాలి. చివరి లైన్లో ఎర్రర్ పేరూ కారణమూ ఉంటాయి, దానిపైన లైన్ నంబరు. ఇంగ్లీషు అంతగా రాదనుకునేవాళ్లకు చెప్పేదేమిటంటే మొదటి నెలలో ఎదురయ్యే పేర్లు ఆరేడే. నేమ్‌ఎర్రర్ అంటే ఆ పేరు తనకు తెలియదని, అంటే స్పెల్లింగు తప్పో, వేరియబుల్ చేయకముందే వాడడమో. టైప్‌ఎర్రర్ అంటే కలపకూడనివి కలిపారని. వాల్యూఎర్రర్ అంటే అంకెగా మార్చమన్నచోట అక్షరాలు వచ్చాయని. ఇండెక్స్‌ఎర్రర్ అంటే లిస్టులో లేని స్థానం అడిగారని. సింటాక్స్‌ఎర్రర్, ఇండెంటేషన్‌ఎర్రర్ రెండూ రాతలో తప్పులు. జీరోడివిజన్‌ఎర్రర్ పేరులోనే ఉంది. ఈ పేర్లను తెలుగు అర్థాలతో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోవడం చాదస్తం అనిపించినా పనిచేస్తుంది.

ఇంకో మాట. 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 నుంచి ఈ సందేశాలు చాలా మెరుగయ్యాయి. బ్రాకెట్ మూయడం మర్చిపోతే అంతకుముందు కింది లైన్లో తప్పుందని చూపించేది, ఏ తప్పూ లేని లైను చూసి జుట్టు పీక్కునేవాళ్లం. ఇప్పుడు "ఈ బ్రాకెట్ మూయలేదు" అని సరిగ్గా ఆ బ్రాకెట్ కిందే గుర్తు పెడుతుంది. ప్రింట్ స్పెల్లింగు తప్పితే "ప్రింట్ అనబోయారా?" అని అడుగుతుంది కూడా. అందుకని కాలేజీ సిస్టంలో 3.6 లాంటి పాత వెర్షన్ ఉంటే కొత్తది వేయించుకోండి. పాత పుస్తకంలో ప్రింట్ పక్కన బ్రాకెట్ లేకుండా కనబడితే అది పైథాన్ 2 నాటిది. 2020 జనవరి 1 నుంచి దానికి మద్దతు లేదు, ఆ పుస్తకం పక్కన పెట్టేయండి.

తెలుగు మీడియం వాళ్లకు

పైథాన్‌లో ముందే అర్థం నిర్ణయమైపోయిన మాటలు 35. అందులో మొదటి నెలకు కావాల్సినవి పదిహేనుకు మించవు. ఇంగ్లీషు వ్యాకరణం రావాలన్న భయం ఇక్కడ అనవసరం. పైగా వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. వయసు అని తెలుగులోనే రాసి దానికి 20 ఇస్తే పైథాన్ 3 ఒప్పుకుంటుంది. నేర్చుకునేటప్పుడు ఇది నిజంగా మేలు, ఎందుకంటే ఏది భాష మాట, ఏది మనం పెట్టుకున్న పేరు అన్న తేడా లిపిలోనే కనిపిస్తుంది. ఉద్యోగంలో ఎవరూ ఇలా రాయరు కాబట్టి రెండు నెలల తర్వాత మానేయాలి.

చిక్కులు కొన్ని ఉన్నాయి. తెలుగు కీబోర్డులు పొల్లు విడిగా కనిపించడానికి కంటికి కనపడని ఒక గుర్తు చేరుస్తాయి. అది వేరియబుల్ పేరులో పడితే పైథాన్ ఒప్పుకోదు, కనిపించని అక్షరం ఉందని యూ+200సీ అనే సంఖ్యతో చెబుతుంది. ఆ పేరు చెరిపేసి మళ్లీ కొట్టడమే మందు. కోడ్‌లో నేరుగా తెలుగు అంకెలు రాసినా ఒప్పుకోదు. కానీ చిత్రమేమిటంటే, ఇన్‌పుట్‌గా ఎవరైనా ౧౨౩ అని కొడితే ఇంట్ దాన్ని చక్కగా 123 చేస్తుంది.

తెలుగు అనే మాట పొడవు ఎంతని లెన్‌తో అడిగి చూడండి. మనకు మూడు అక్షరాలు, పైథాన్‌కు ఆరు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము విడివిడిగా లెక్కేస్తుంది. అదే మాటను తిరగేస్తే గుణింతాలన్నీ చెదిరిపోతాయి. పాలిండ్రోమ్ (తిరగేసినా అదే మాట) లెక్క తెలుగు మాటలతో చేస్తే ఎందుకు తప్పుతుందో ఇప్పుడు తెలిసింది కదా. వికటకవి లాంటి మాటలతో ప్రయత్నించే సరదా ఉన్నవాళ్లు ముందు అక్షరాల్ని గుణింతాలతో సహా ముక్కలు చేసుకోవాలి, అది మూడో నెల పని.

ల్యాప్‌టాప్ లేకపోతే

ఆండ్రాయిడ్ ఫోన్లో పైడ్రాయిడ్ 3 అనే యాప్‌తో మొదలుపెట్టొచ్చు, ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తుంది. ఫోన్ కీబోర్డు చేసే సహాయాలే ఇక్కడ శత్రువులు. వాక్యం మొదటి అక్షరాన్ని తనే పెద్దది చేస్తుంది, పెద్ద పీతో ప్రింట్ అని రాస్తే నేమ్‌ఎర్రర్. కీబోర్డు సెట్టింగుల్లో ఆటో క్యాపిటలైజేషన్, ఆటో కరెక్షన్ రెండూ ఆపేయండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన కోడ్ కాపీ చేస్తే లైను ముందు ఖాళీలు పోవచ్చు, నిటారు కొటేషన్లు వంకర కొటేషన్లు అయిపోవచ్చు. వంకరవి ఉంటే చెల్లని అక్షరమని సింటాక్స్‌ఎర్రర్ వస్తుంది. కోడ్‌ను ఫైలుగానే పంపించుకోవాలి. ఓటీజీ కేబులుతో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే పని సగం తేలికవుతుంది. స్పేసులు, కోలన్లు, బ్రాకెట్ల కోసం ఫోన్ తెర మీద వెతుక్కునే విసుగుతోనే చాలామంది మానేస్తారు.

పైథాన్ వద్దనే కారణాలు

బీటెక్ మొదటి ఏడాదిలో సి ఉంటే సి నేర్చుకోండి. పక్కన పైథాన్ కూడా మొదలుపెట్టి రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు. సెమికోలన్, బ్రాకెట్ అలవాట్లు కలగాపులగమై పరీక్షలో మార్కులు పోతాయి. ఎంటెక్‌కు రాసే గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ప్రోగ్రామింగ్ అంటే సి. 2024లో కొత్తగా వచ్చిన డేటా సైన్స్, ఏఐ పేపరులో మాత్రం పైథాన్ పెట్టారు. సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లోనూ పైథానే.

సి నేర్చుకోండి గానీ, టర్బో సి మీద వద్దు. నీలం తెరతో, డాస్‌బాక్స్‌లో నడిచే ఆ సాఫ్ట్‌వేర్ 1990ల నాటిది. అందులో పూర్ణాంకం 16 బిట్లే, 32767 దాటితే చుట్టు తిరిగి మైనస్‌లోకి వెళ్తుంది. ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ అంకె దాకా అన్నీ గుణించడం) ప్రోగ్రామ్ అందరూ రాస్తారు కదా. 7కు 5040 సరిగ్గా వస్తుంది, 8కి 40320 రావాల్సింది మైనస్ 25216 వస్తుంది. విద్యార్థి తన లూప్ తప్పనుకుని గంటసేపు దిద్దుతాడు. ఇప్పుడు వాడే జీసీసీ అనే కంపైలర్లో 32 బిట్లు కాబట్టి 12 దాకా బాగుంటుంది, 13 దగ్గర 6227020800 బదులు 1932053504 వస్తుంది. పైథాన్‌లో ఈ హద్దే లేదు, 100 ఫ్యాక్టోరియల్ కూడా పూర్తిగా ప్రింట్ చేస్తుంది. సిలో ఈ హద్దు కనపడటమే ఒక పాఠం, కాకపోతే ఎందుకొచ్చిందో చెప్పేవాళ్లు ఉండాలి. క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ ఆదేశాలు, కోనియో హెడర్, వాయిడ్ మెయిన్ టర్బో సి అలవాట్లే. జీసీసీలో కొన్ని అసలు కంపైల్ కావు.

విండోస్‌లో తేలిక దారి కోడ్‌బ్లాక్స్. డౌన్‌లోడ్ పేజీలో నాలుగైదు ఫైళ్లుంటాయి. పేరులో మింగ్‌డబ్ల్యూ అని ఉన్నదే తీసుకోండి, అది లేనిదాంట్లో కంపైలర్ రాదు, బిల్డ్ నొక్కితే ఏమీ జరగదు. కంపైలర్ సెట్టింగుల్లో అన్ని హెచ్చరికలూ చూపమనే పెట్టెకు టిక్ పెట్టాలి. కమాండ్ విండోలో జీసీసీ వాడేవాళ్లు హైఫన్, పెద్ద డబ్ల్యూ, ఆల్ అని చేర్చాలి. ఇందాకటి ఆంపర్సాండ్ మర్చిపోవడం, సమానమా అని అడగాల్సినచోట ఒకే సమాన గుర్తు పెట్టడం, విలువ పెట్టని వేరియబుల్ వాడటం చాలావరకు అప్పుడు హెచ్చరికలుగా కనిపిస్తాయి. అంటే నోరు లేని సికి ఈ ఒక్క టిక్‌తో కొంత నోరొస్తుంది. హెచ్చరికలతో కంపైల్ అయితే సరే అనుకోవద్దు, సున్నా అయ్యేదాకా దిద్దండి.

మీ కోరికల్లా వెబ్‌సైట్లు చేయడమే అయితే జావాస్క్రిప్ట్ నుంచే మొదలుపెట్టండి, ముందు రెండు వారాలు హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ (పేజీలో ఏముండాలో, ఎలా కనిపించాలో రాసేవి) చూసి. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు, క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్‌లోకి వెళ్లడమే. ప్రతి ప్రింట్ తర్వాత అన్‌డిఫైన్డ్ అని కనిపిస్తుంది, అది తప్పు కాదు, ఆ ఆదేశం ఏ విలువా తిరిగివ్వలేదని చెప్పడం. దాని మౌనానికి మూడు కాపలాలు పెట్టుకోండి. ఫైలు మొదట్లో కొటేషన్లలో యూజ్ స్ట్రిక్ట్ రాయండి, వేరియబుల్ పేరు తప్పు కొడితే కొత్తది పుట్టించకుండా ఆగుతుంది. పోలికకు రెండు సమాన గుర్తుల బదులు మూడు వాడండి. ఇన్‌పుట్ వచ్చిన వెంటనే నంబర్ అని మార్చండి. జవాబుగా నాన్ వచ్చిందంటే ఎక్కడో అంకె కానిదాన్ని లెక్కలోకి లాగారు.

అమీర్‌పేట బోర్డుల మీద కనిపించే "ఫుల్ స్టాక్" ఒక భాష పేరు కాదు. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, సర్వర్ వైపు ఒక భాష, డేటాబేస్ కోసం ఎస్‌క్యూఎల్ కలిపి పెట్టిన కోర్సు. ఒక్క భాష కూడా రానివాళ్లు నాలుగు నెలల్లో ఈ ఐదూ ఒకేసారి ఎత్తుకుంటే ఏదీ నిలవదు. ఫీజు కట్టేముందు కనీసం ఒక భాషలో ఫంక్షన్ల దాకా వెళ్లి రండి.

ఆండ్రాయిడ్ యాప్ చేయాలని మొదలుపెట్టేవాళ్లకు కాట్లిన్ అని చెబుతారు. గూగుల్ 2019 నుంచి దానికే పెద్దపీట వేస్తోంది కూడా. భాష మంచిదే, దాన్ని రాసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియోతోనే చిక్కు. 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో కూడా ఎమ్యులేటర్ (తెర మీద నకిలీ ఫోన్) తెరిస్తే ఈడుస్తుంది. భాషేంటో తెలియకముందే యాప్‌ను కూర్చే గ్రేడిల్ ఎర్రర్లతో కుస్తీ. ముందు పైథాన్‌లోనో జావాలోనో మూడు నెలలు గడిపి వెళ్లండి. ఐఫోన్ యాప్‌లకు స్విఫ్ట్ కావాలి, దానికి మ్యాక్ కావాలి, అంతే సంగతి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు స్క్రాచ్. ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసింది. దిమ్మెలు అతికించడమే కాబట్టి రాతలో తప్పులన్నవే ఉండవు. తప్పుంటే ఆలోచనలోనే ఉంటుంది. హార్వర్డ్ సీఎస్50 కోర్సు పెద్దవాళ్లకు కూడా మొదటి వారం దానితోనే మొదలుపెట్టి, తర్వాత సిలోకి, ఆపైన పైథాన్‌లోకి తీసుకెళ్తుంది.

రోజుకు గంట ఉంటే

మొదటి వారం ప్రింట్, ఇన్‌పుట్, ఇంట్, నాలుగు లెక్కలు. రెండో వారం ఇఫ్, పై కరెంటు బిల్లు దాంతో పూర్తవుతుంది. లూపులకు ఒక వారం చాలదు, రెండు ఇవ్వండి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఎక్కాలు, ప్రధాన సంఖ్యలు, చుక్కలతో మెట్లు అన్నీ కాగితం మీద వేరియబుల్స్ పట్టిక గీసుకుని ముందు చేత్తో నడపాలి, తర్వాతే మెషీన్లో. ఆపైన లిస్టులు, డిక్షనరీలు, ఫంక్షన్లు. ఫంక్షన్‌లో ప్రింట్ చెయ్యడానికీ రిటర్న్ చెయ్యడానికీ తేడా తెలియకపోతే జవాబు చోట నన్ అని వస్తూ ఉంటుంది. ఫంక్షన్ తెర మీద చూపించింది గానీ మీకేమీ తిరిగివ్వలేదన్నమాట. చివరగా ఫైళ్లు చదవడం, రాయడం. క్లాసులు, ఆబ్జెక్టులు మొదటి రెండు నెలల్లో వద్దు.

ఉచితంగా ఒక క్రమంలో వినాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ రోపర్ వాళ్ల జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్ బాగుంటుంది. వీడియో చూస్తూ కొట్టడం నేర్చుకోవడం కిందకి రాదు. వీడియో ఆపేసి, ఖాళీ ఫైలు తెరిచి, అదే ప్రోగ్రామ్ చూడకుండా రాయండి. చాట్‌జీపీటీ లాంటివాటిని "కోడ్ రాసివ్వు" అని అడిగితే మూడో రోజుకే మీకు ఆలోచించే పని లేకుండా పోతుంది. ఎర్రర్ మొత్తం అతికించి "ఈ ఎర్రర్ అర్థం తెలుగులో చెప్పు, దిద్దిన కోడ్ ఇవ్వొద్దు" అని అడగండి.

రెండో భాషకు ఎప్పుడు వెళ్లాలంటే, చూడకుండా వంద లైన్ల ప్రోగ్రామ్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా రాసి, అది ఇంకొకరి మెషీన్ మీద కూడా నడిచినప్పుడు. కిరాణా కొట్టు ఖాతా లాంటిది సరిపోతుంది: సరుకులు చేర్చాలి, తీసెయ్యాలి, బాకీ లెక్క కట్టాలి, ఫైలులో దాచాలి, మూసి తెరిచాక మళ్లీ చూపాలి, అంకె బదులు అక్షరం కొట్టినా పడిపోకూడదు. దీనికి ముందు భాష మారిస్తే మళ్లీ ప్రింట్ దగ్గర్నుంచే మొదలవుతుంది. దీని తర్వాత సి కైనా జావాకైనా వెళితే లూపులూ ఇఫ్‌లూ రెండు రోజుల్లో పట్టుబడతాయి, కొత్తగా నేర్చుకునేది సిలో పాయింటర్లూ, జావాలో క్లాసులూ మాత్రమే.